అమ్మానాన్నలు ఊళ్లోనే ఉంటామంటున్నారు, ఎలా మాట్లాడాలి?

మీ ప్రశ్న నాకు సరిగ్గా అర్థమైందో లేదో ముందు ఒకసారి చెప్పుకుంటాను. మీరు డల్లాస్‌లో, మీ చెల్లెలు బెంగళూరులో ఉంటున్నారు. నాన్నగారు 74 ఏళ్ల రిటైర్డ్ హెడ్మాస్టరు, అమ్మగారికి 70. గుడివాడలో సొంత డాబా ఇల్లు, పడకగది మేడ మీద. రెండు నెలల క్రితం అమ్మగారు బాత్‌రూమ్‌లో జారిపడితే మణికట్టు విరిగింది. అప్పటినుంచి హైదరాబాద్‌లో మీరు కొన్న ఫ్లాట్‌కో, లేకపోతే పెద్దవాళ్ల కోసం కట్టిన కమ్యూనిటీకో మారమని అడుగుతున్నారు. నాన్నగారు "మా గురించి మీకేం టెన్షన్ వద్దు" అని ఫోన్ అమ్మగారి చేతికిచ్చేస్తున్నారు. ఆయన్ని ఎలా ఒప్పించాలి, గట్టిగా చెప్పి తీసుకెళ్లిపోవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. తీసుకెళ్లిపోకండి. మీరు రాసినదాన్నిబట్టి కొన్ని ఏర్పాట్లు చేస్తే వాళ్లిద్దరూ ఆ ఇంట్లోనే ఉండగలరు. ఎక్కడ ఉండాలన్న చర్చ పక్కన పెట్టండి. ఈ ఇంట్లోనే ఉండాలంటే ఏమేం కావాలి, ఏం జరిగితే ఈ ఏర్పాటు చాలదు అన్నవి మాట్లాడండి. అన్నిటికంటే ముందు అమ్మగారితో విడిగా, నాన్నగారు పక్కన లేనప్పుడు మాట్లాడండి. మీరు రాసిన అంత పెద్ద పోస్టులో అమ్మగారు ఏమంటున్నారో ఒక్క వాక్యం కూడా లేదు.

నేను స్టాఫ్ నర్సుగా చేసి, ఆ తర్వాత విజయవాడ చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లకు ఇంటిదగ్గరే సేవలు చూసే పనిలోకి వచ్చాను. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, ఇక్కడ తల్లిదండ్రులిద్దరే ఉన్న ఇళ్లే నేను ఎక్కువ చూసేది. కింద రాసేదంతా ఆ ఇళ్లలో చూసిందే.

నాన్నగారు ఎందుకు మొండికేస్తున్నారో ముందు చూద్దాం. ఆయనకు గుడివాడలో ఏముందో లెక్క వేసుకోండి. పొద్దున్నే పేపరు, పాలవాడు, నడకకు తోడొచ్చే ఇద్దరు ముగ్గురు రిటైర్డ్ టీచర్లు. బజారుకెళ్తే "నమస్కారం మాస్టారూ" అని బండి ఆపి దిగే పాత విద్యార్థులు. మందుల షాపతనికి ఆయన ఏ మాత్ర వాడతారో చీటీ చూడకుండానే తెలుసు. హైదరాబాద్ ఫ్లాట్‌లో ఏముంది? మీరు అక్కడ లేరు, చెల్లెలూ లేదు. పదో అంతస్తులో తలుపు వేసుకుని కూర్చునే ఇద్దరు పెద్దవాళ్లు, మందులకు, కూరలకు యాప్‌లు, ఎదురింటివాళ్ల పేరు కూడా తెలియని కారిడార్. వాళ్లు ఒంటరిగా ఉన్నారని మీరు బాధపడుతున్నారు కదా, ఆ ఒంటరితనం హైదరాబాద్‌లో పెరుగుతుంది తప్ప తగ్గదు. మీరు సెలవులకు వస్తే ఎయిర్‌పోర్ట్ దగ్గర కావడం ఒక్కటే అందులో కలిసొచ్చేది, అది కూడా మీకే. ఆయన ఈ మాట మీతో అనలేక ఫోన్ అమ్మగారికిస్తున్నారేమో ఆలోచించండి.

ఇక అమ్మగారి సంగతి. మన ఇళ్లలో "మా పనులు మేం చేసుకుంటున్నాం" అని నాన్నలు చెప్పే మాటలో సగానికి పైగా అమ్మ చాకిరీ ఉంటుంది. ఆయన ఎవరిమీదా ఆధారపడకుండా ఉన్నారంటే, ఆమె మీద ఆధారపడి ఉన్నారని అర్థం. వేడినీళ్లు, టిఫిను, మధ్యాహ్నం అన్నం, బీపీ మాత్ర గుర్తుచేయడం, పనిమనిషి రాకపోతే అంట్లు, ఇవన్నీ ఆమెవే. అందుకే "ఎలా ఉన్నారు" అని ఇద్దర్నీ కలిపి అడిగితే వచ్చే జవాబు ఆయనది.

ఏలూరులో ఒక ఇంటికి నేను పెద్దాయన షుగర్ పుండుకు కట్టు కట్టడానికి వెళ్లేదాన్ని. కట్టు అయ్యాక ఒకరోజు వంటింట్లో చేతులు కడుక్కుంటుంటే, ఆవిడ స్టవ్ మీద కుక్కర్ దించే తీరు కంటపడింది. కుక్కర్ ఎత్తలేదు. ముందు గట్టు మీద తడిగుడ్డ పరిచి, కుక్కర్‌ని బర్నర్ మీంచి రెండు చేతులతో మెల్లగా పక్కకి జరిపి, ఆ గుడ్డ మీదకి లాక్కుంది. గట్టు గ్రానైట్ మీద అలా లాగిన గీతలు నల్లగా ఉన్నాయి. "ఎన్నాళ్లనుంచమ్మా?" అన్నాను. "పోయిన సంక్రాంతినుంచి చేతుల్లో పట్టు లేదు, ఆయనకు చెప్పకు, కంగారుపడతారు" అంది. రాత్రికి వేరే వండటం మానేసి చాలా రోజులైంది, పొద్దున వండిందే రెండుపూటలా తింటున్నారు. కొడుకుతో రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుతూనే ఉంది, అతనికి ఇందులో ఒక్కటీ తెలియదు.

ఆవిడకు కావలసింది ఊరు మారడం కాదు, వంటకు మనిషి. పెద్దాయన బయటివాళ్ల వంట తిననన్నారు. సరేనని ముందు కూరలు తరగడానికి, కొబ్బరి కోరడానికి, పిండి రుబ్బడానికి ఒక అమ్మాయిని పెట్టారు. పక్కన నిలబడి ఆవిడ చెప్తుంటే ఆ అమ్మాయి చేసేది. కొన్నాళ్లకు ఆ అమ్మాయే వండుతోంది, ఆవిడ కుర్చీలో కూర్చుని ఉప్పూకారం చెప్తోంది. పెద్దాయన అభ్యంతరం ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. మన పెద్దవాళ్లతో చాలా మార్పులు ఇలాగే జరగాలి, ఒక్కసారిగా పెడితే మొదటిరోజే తిప్పి పంపేస్తారు.

కాబట్టి అమ్మగారిని ఫోన్‌లో "ఏమైనా ఇబ్బందా" అని అడగకండి, "ఏం లేదు నాన్నా" అనే అంటారు. "అమ్మా, ఇంటిపనుల్లో ఈమధ్య నీకు ఏది చేయాలంటే భయంగా ఉంటోంది?" అని అడగండి. "మేడమెట్లు రోజుకి ఎన్నిసార్లు ఎక్కుతున్నావు?" అనండి. "రాత్రి బాత్‌రూమ్‌కి లేస్తే లైటు వేస్తావా, నాన్నకు నిద్ర చెడుతుందని చీకట్లోనే వెళ్తావా?" అనండి. ఇలాంటి ప్రశ్నలకు నిజం జవాబు వస్తుంది. వీలైతే ఈ పని మీ చెల్లెలికి అప్పజెప్పండి. బెంగళూరునుంచి ఒక వారాంతం వచ్చి రెండు పూటలు వంటింట్లో అమ్మ పక్కన ఉంటే, మీరు ఆరునెలల్లో ఫోన్‌లో రాబట్టలేనిది తెలుస్తుంది.

మీరూ చెల్లెలూ ముందు ఒక మాట మీదకు రావాలి. అన్న ఒకటి, చెల్లెలు ఇంకొకటి చెప్తే పెద్దవాళ్లు మధ్యలో నలిగిపోతారు, లేదా తమకు నచ్చిన మాట పట్టుకుంటారు. డబ్బు ఎవరు పంపుతారు, అర్ధరాత్రి ఫోన్ వస్తే ఎవరు బయల్దేరతారు, హాస్పిటల్లో వారంరోజులు ఉండాల్సొస్తే ఎవరు సెలవు పెడతారు, ఇవి మీ ఇద్దరి మధ్య తేలాలి. దగ్గరున్న కూతురి మీద పని, దూరాన ఉన్న కొడుకు మీద ఖర్చు అనేది చాలా ఇళ్లలో మాట్లాడుకోకుండానే జరిగిపోతుంది, దాన్లోంచే మనస్పర్థలు పుడతాయి. అల్లుడి ఎదుట మీ చెల్లెలు ఎలా సర్దుకుంటోందో కూడా అడగండి.

ఇక నాన్నగారితో. వీడియో కాల్‌లో, పక్కన పిల్లలు అల్లరి చేస్తుంటే ఈ మాటలు ఎత్తకండి. పండక్కి చుట్టాలంతా ఉన్నప్పుడు అసలే వద్దు. నలుగురిలో నిలదీసినట్టుంటుంది, హెడ్మాస్టరుగా బతికిన మనిషి దాన్ని ఓర్చుకోలేరు. పక్కపక్కన నడుస్తూనో, కారులో ముందు సీట్లలో కూర్చునో మాట్లాడితే మేలు, ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేని చోట మగవాళ్లు కాస్త తెరుచుకుంటారు. ఒకే సిట్టింగ్‌లో అన్నీ తేల్చాలనుకోవద్దు. ఈసారి బాత్‌రూమ్ గురించి, ఇంకోసారి బ్యాంకు గురించి, అంతే.

"మీరు ఇక్కడ ఉండలేరు నాన్నా" అని మొదలుపెడితే ఆయన ఉండగలనని నిరూపించడానికి దిగుతారు. ఒక పెద్దాయన కొడుకు ఇలా అన్న మర్నాడే నిచ్చెన వేసుకుని ట్యాంకు కడిగారు. "మీరు ఈ ఇంట్లోనే ఉండాలనే నా కోరిక కూడా. అమ్మ మళ్లీ పడకుండా ఏం చేద్దామంటారు?" అనండి. అది నిజమై ఉండాలి. మనసులో హైదరాబాద్ ప్లాన్ అలాగే పెట్టుకుని పైకి ఈ మాట అంటే ఆయన పట్టేస్తారు. అడిగాక ఆగండి. ఆయన మౌనంగా ఉంటే ఆ ఖాళీని మీరు మాటలతో నింపొద్దు.

మీ మాట అస్సలు వినకపోతే ఆయన ఎవరి మాట వింటారో చూడండి. చాలామంది నాన్నలు కొడుకు చెబితే వినరు, బావమరిది చెబితే వింటారు, పాత కొలీగ్ చెబితే వింటారు. ఊళ్లో పెన్షనర్ల సంఘం ఉంటే అక్కడ ఆయన గౌరవించే పెద్దమనిషి ఎవరో ఉంటారు. ఒక్కరిని, ఒక్క విషయం మీద మాత్రమే మాట్లాడమనండి. నలుగురు కలిసి చుట్టుముడితే ఆయన ఇంకెప్పుడూ ఆ టాపిక్ రానివ్వరు.

వాళ్లు నిజంగా ఇద్దరే ఉండగలరో లేదో ఎలా తేల్చుకోవాలి? మేం చూసేవి రెండు రకాల పనులు. మొదటివి ఒంటికి సంబంధించినవి: స్నానం, బట్టలు కట్టుకోవడం, దొడ్డికెళ్లడం, మంచం మీంచి లేవడం, తినడం. రెండోవి ఇల్లు నడిపేవి: వంట, మందులు వేళకు వేసుకోవడం, డబ్బు లెక్కలు, బజారు, ఫోన్ వాడకం. రెండో రకమే ముందు జారిపోతాయి, పిల్లలు మాత్రం మొదటివి బాగుంటే చాలనుకుంటారు. మీరు ఇంటికి వెళ్లినప్పుడు మందుల డబ్బా తీసి చూడండి. నెల మాత్రలు నెలలో అయిపోయాయా, మిగిలాయా? ఫ్రిజ్‌లో ఎన్నాళ్ల కూరలున్నాయి? కరెంటు బిల్లు ఎప్పుడూ గడువు దాటని మనిషి ఈమధ్య ఫైన్ కడుతున్నారా? స్కూటర్‌కి కొత్త గీతలున్నాయా?

ఇంకొక చిన్న పరీక్ష ఉంది, ఎవరైనా చేయొచ్చు. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి, లేచి 3 మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోమనండి. ఫోన్‌లో టైం చూడండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క, ఫిజియోథెరపిస్టుకు చూపించాలి. పక్కన మీరు నిలబడండి. లేచేటప్పుడు కుర్చీ చేతుల్ని గట్టిగా నొక్కుతున్నారా, తిరిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారా అన్నది సెకన్లకంటే ఎక్కువ చెప్తుంది.

65 దాటినవాళ్లలో ఏటా 28 నుంచి 35 శాతం మంది ఒక్కసారైనా పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కాబట్టి అమ్మగారు పడటం వింత కాదు. అయితే ఎందుకు పడ్డారో ఎవరైనా కనుక్కున్నారా? "జారింది" అనేస్తారు అందరూ. కొన్నిసార్లు కాలు జారదు, కళ్లు తిరుగుతాయి. బీపీ మాత్రలు, ప్రోస్టేట్‌కి వాడే కొన్ని మందులు, నిద్రమాత్రలు తీసుకునేవాళ్లలో కొందరికి పడుకుని లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూపించండి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే డాక్టరుకి చెప్పాలి, మందులు మార్చాల్సి రావచ్చు. ఇద్దరి మందులూ, ఆయుర్వేదం, ఆర్ఎంపీ ఇచ్చినవి సహా, ఒక సంచిలో వేసుకుని ఒకే డాక్టరు ముందు పెట్టండి. నేను వెళ్లే ఇళ్లలో ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు మింగుతున్నవాళ్లు తరచూ కనిపిస్తారు.

ఇంట్లో చేయాల్సిన మార్పులకు పెద్ద ఖర్చు కాదు. పడకగది కిందికి మార్చడం మొదటిది. నాన్నగారు మేడ మీద గాలి బాగుంటుందంటారు, కింది గదిలో ఏసీ పెట్టించి అడగండి. బాత్‌రూమ్‌లో కమోడ్ పక్కన, స్నానం చేసేచోట గోడకి స్టీలు హ్యాండిళ్లు బిగించాలి. టైల్స్ మీద స్క్రూ పట్టే రావల్ ప్లగ్ లోపలికి గోడదాకా దిగాలి, మనిషి బరువు వేసి లాగినా కదలకూడదు. టవల్ రాడ్ పట్టుకుని లేవడం అలవాటైన వాళ్లుంటారు, అది ఊడొస్తుంది, తీసేయండి. స్నానానికి వెడల్పాటి ప్లాస్టిక్ కుర్చీ, చిన్న పీట కాదు. వేడినీళ్ల బకెట్ మోయకుండా షవరో, పొడవాటి పైపు ఉన్న హ్యాండ్ షవరో. తలుపు గడియ బయటినుంచి తీయగలిగేది, లోపల బోల్టు ఉంటే పీకించండి. మంచంనుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైట్లు. గుమ్మాల దగ్గర గోనెపట్టాలు, మడతపడే కార్పెట్లు ఉండకూడదు. వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గేయడం అమ్మగారు మానరు, మానమనీ అనొద్దు. ఆ పని పనిమనిషి వచ్చాక చేసేలా మాట్లాడండి.

కాగితాల విషయం నాన్నగారికే అప్పజెప్పండి. జీవితాంతం రికార్డులు రాసిన మనిషి, అది ఆయనకు చేతనైన పని, ఆయన చేతిలోనే ఉండాలి. "నాన్నా, నాకేమీ తెలియదు, ఒక నోట్‌బుక్‌లో అన్నీ రాసి పెట్టండి" అనండి. బ్యాంకు ఖాతాలు, ఎఫ్‌డీలు, పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీం, ఎల్ఐసీ, ఇంటి దస్తావేజు ఎక్కడుంది, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరు ఇవ్వాలి. ఇందులో నేను గట్టిగా చెప్పేవి కొన్ని ఉన్నాయి.

పెన్షన్ ఖాతా అమ్మగారితో జాయింటుగా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఉండాలి. ఆయన ఐసీయూలో ఉంటే ఆమె ఏటీఎంలో డబ్బు తీయగలగాలి. తీయడం వచ్చా? ఒకసారి ఆమె చేత తీయించి చూడండి. ఈ వయసు ఆడవాళ్లలో పిన్ నొక్కడం ఎప్పుడూ అలవాటు లేనివాళ్లు చాలామంది, అది వాళ్లకు చేతకాక కాదు, ఎవరూ చెప్పక. ఫ్యామిలీ పెన్షన్‌కి ఆమె పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో ఇప్పుడే చూడాలి. ఆయన పోయాక ఒక అక్షరం తేడా కోసం ఆమెను ట్రెజరీ చుట్టూ తిప్పకూడదు.

పవరాఫ్ అటార్నీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. మన చట్టంలో ఇచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ పవర్ కూడా పోతుంది. సరిగ్గా అవసరమైన సమయానికే అది చెల్లదు. అందుకే జాయింటు ఖాతాలు, నామినేషన్లు, వీలునామా బాగున్నప్పుడే పూర్తిచేయాలి. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది.

మీకు నచ్చకపోవచ్చు గానీ ఒక మాట: వాళ్లు బతికుండగా ఇల్లు మీ పేరునగానీ చెల్లెలి పేరునగానీ రాయించుకోకండి. మీరు మంచివాళ్లే అయ్యుండొచ్చు. ఇల్లు తమ పేరున ఉన్నంతకాలం వాళ్ల మాటకు ఇంట్లో బరువుంటుంది, నేను చూసిన అన్ని ఇళ్లలో అంతే. చదివే మిగతావాళ్లకోసం చెప్తున్నా, ఇప్పటికే గిఫ్ట్ రాసిచ్చి నిరాదరణకు గురైన పెద్దవాళ్లకు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే వెనక్కి ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది. ఆ షరతు దస్తావేజులోనే రాయించుకుంటే తర్వాత వాదన ఉండదు. ఏం చేయాలో తెలియకపోతే 14567కి ఫోన్ చేయండి, అది వృద్ధుల కోసం ఉన్న ఎల్డర్ లైన్.

వైద్యం ఖర్చుకి, నాన్నగారు ప్రభుత్వ టీచరైతే ఎంప్లాయీస్ హెల్త్ స్కీం కార్డు ఉండే ఉంటుంది, అందులో అమ్మగారి పేరు ఉందో చూడండి. అలాంటిదేమీ లేని ఇళ్లలో 70 నిండినవాళ్లకు 2024 అక్టోబరునుంచి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా. ఇక ఫోన్ మోసాలు. పోలీసులమంటూ వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్టు" అని బెదిరించేవాళ్లకు రిటైర్డ్ ఉద్యోగులు చాలామంది దొరుకుతున్నారు, ప్రభుత్వం మాటంటే వాళ్లకు గౌరవం కాబట్టి. అలాంటి అరెస్టు చట్టంలో లేదని, కాల్ కట్ చేసి మీకు చెప్పమని, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని చెప్పండి. "మీరు మోసపోతారు" అనొద్దు. "మా ఆఫీసువాళ్లకే జరిగింది నాన్నా" అన్నట్టు చెప్పండి, అలాంటివి ఈరోజుల్లో చాలా ఆఫీసుల్లో జరుగుతున్నాయి గనక.

ఇవన్నీ ఒక దారిలో పడ్డాక అసలు కష్టమైన మాట వస్తుంది. ఇద్దరూ ఉన్నప్పుడు ఎలా ఉండాలో అందరూ ఆలోచిస్తారు, ఒక్కరే మిగిలితే ఎలా అన్నది ఎవరూ ఎత్తరు. అశుభమనుకుంటారు. మీరు ఎత్తాలి, కానీ మెల్లగా. "అమ్మ ఒక్కతే ఉండాల్సొస్తే తను ఎక్కడుంటే మీకు మనసు కుదుటగా ఉంటుంది?" అని నాన్నగారిని అడగండి. తన గురించైతే కొట్టిపారేస్తారు, ఆమె గురించి అడిగితే ఆలోచిస్తారు. ఆ తర్వాత అదే ప్రశ్న అమ్మగారిని, ఆయన గురించి. తెనాలిలో ఒక మాస్టారు ఇలా అడిగినప్పుడు చాలాసేపు ఏమీ అనలేదట. తర్వాతి వారం కూతురికి తనే ఫోన్ చేసి, "మీ అమ్మకు మేడ మీద పోర్షన్‌లో ఎవరైనా కుటుంబం అద్దెకుంటే ధైర్యంగా ఉంటుంది, చూడు" అన్నారు. అద్దె తక్కువైనా మంచివాళ్లని చూసి పెట్టుకున్నారు. ఆయన పోయారు, ఆవిడ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. మీ మేడ కూడా ఖాళీ అవుతుంది కదా, ఆలోచించండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఒకరు పోయాక ఏడాదిలోపు ఇల్లు అమ్మడం, మిగిలినవాళ్లని తెచ్చి పెట్టుకోవడం లాంటి పెద్ద నిర్ణయాలు చేయకండి. దుఃఖంలో ఉన్నమనిషి దేనికైనా తలూపుతారు.

ఏం జరిగితే మళ్లీ మాట్లాడుకోవాలో కూడా ఇప్పుడే అనుకోండి. ఆ నోట్‌బుక్ ఆఖరి పేజీలో నాన్నగారి చేతే రాయించండి. మళ్లీ ఎవరైనా పడితే. గ్యాస్ ఆపడం మర్చిపోవడం మొదలైతే. స్నానానికి మరొకరి సాయం కావాల్సొస్తే. ఇద్దరిలో ఒకరు వారంకంటే ఎక్కువ మంచాన పడితే. ఏవి పెట్టాలో వాళ్లిష్టం. రేపు అలాంటిది జరిగినప్పుడు మీరు గుర్తుచేసేది ఆయన రాసిన మాటే అవుతుంది, మీ ఆర్డర్ కాదు.

ఎప్పుడు మాత్రం ఒప్పుకోలు కోసం ఆగకూడదు? తెలిసిన వీధిలో దారి తప్పినా, ఇన్సులిన్ వేసుకున్నదీ లేనిదీ గుర్తులేకపోయినా, ఎవరో డబ్బు లాగేస్తున్నారని తెలిసినా, ఒకరు మరొకర్ని చూసుకోలేక కోపంతో చెయ్యెత్తే పరిస్థితి వచ్చినా వెంటనే వెళ్లండి. వెళ్లి ముందు డాక్టరుకు చూపించండి. మతిమరుపంతా మతిమరుపు జబ్బే కానక్కర్లేదు. డిప్రెషన్, థైరాయిడ్, బి12 లోపం, మూత్రంలో ఇన్ఫెక్షన్, వినికిడి తగ్గడం కూడా అలాగే కనిపిస్తాయి, వీటికి చాలావరకు వైద్యం ఉంది.

కమ్యూనిటీలను నేను కొట్టిపారేయడం లేదు. తోడు కావాలనుకుని, ఇద్దరూ ఇష్టపడి చేరినవాళ్లు హాయిగా ఉన్నారు. డబ్బు కట్టేముందు నెలరోజులు అద్దెకు ఉండి చూడమనండి. అక్కడి భోజనం మనవాళ్లకు పడుతుందా? మంచాన పడితే వాళ్లే చూస్తారా, పంపించేస్తారా? వెళ్లిపోతే డిపాజిట్ ఎన్నాళ్లకు, ఎంత తిరిగిస్తారు? ఇవి బ్రోచర్‌లో కాదు, అగ్రిమెంటులో చూడాలి. అమెరికా తీసుకెళ్లే ఆలోచన ఉంటే, విజిటర్ వీసా మీద మామూలుగా ఒక విడతకు ఆరునెలలే. గ్రీన్ కార్డు తీసుకున్నా, అక్కడ 65 దాటినవాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో చేరాలంటే మామూలుగా ఐదేళ్లు అక్కడే నివాసం ఉండాలి, గుడివాడకీ డల్లాస్‌కీ మధ్య తిరుగుతూ ఆ కార్డు నిలుపుకోవడం కష్టం.

సంక్రాంతికి వస్తున్నారన్నారు. మొదటి రెండురోజులు ఏమీ ఎత్తకండి, ఇంట్లో వాళ్లతోపాటు తిరుగుతూ చూడండి. తర్వాత అమ్మతో, ఆ తర్వాత నాన్నతో. బాత్‌రూమ్ హ్యాండిళ్లు మీరు ఉండగానే బిగించేయండి. నోట్‌బుక్ కొని ఇచ్చేయండి. ఎదురింటివాళ్లకు, మందుల షాపతనికి మీ నంబరు ఇవ్వండి, రోజూ పొద్దున ఏడింటికి అమ్మగారి నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ రావాలని, తొమ్మిదింటికల్లా రాకపోతే ఎదురింటివాళ్లు తలుపు కొట్టాలని అనుకోండి. ఒంటిమీదకొచ్చినప్పుడు 108 అని ఇద్దరికీ నోటికి రావాలి.

అయితే సంక్రాంతి దాకా ఆగకూడనిది ఒకటుంది. 70 ఏళ్ల మనిషి నిలబడిన ఎత్తునుంచి పడి మణికట్టు విరిగిందంటే, ఎముకలు గుల్లబారాయేమో చూడాల్సిందే. కట్టు విప్పాక చెయ్యి బాగానే ఉందని చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఆ తర్వాత పడినప్పుడు విరిగేది తుంటి అయితే ఆమె మళ్లీ ఇంతకుముందులా నడవడం కష్టం. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్, విటమిన్ డి, కాల్షియం పరీక్షలు చేయించమని కట్టు వేసిన ఆర్థోపెడిక్ డాక్టరునే అడగండి. గుడివాడలో డెక్సా లేకపోతే విజయవాడలో అవుతుంది, వెళ్లిరావడానికి ఒక్కపూట. అవసరమైతే వారానికో మాత్రో, ఏడాదికో ఇంజెక్షనో ఇస్తారు. ఈ వారంలోనే చెల్లెల్ని పంపించి చేయించండి, రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి, చూస్తాను.